అరవై ఒక్క జవాబులు

పోయిన వారం ఆ తల్లిని హెడ్మిస్ట్రెస్ గది గుమ్మం ముందు నిలబెట్టి మనం మన దారిన వచ్చేశాం. పాపం, ఈ వారం రోజులూ ఆవిడ అక్కడే నిలబడి ఉన్నట్టు లెక్క. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి. మూడేళ్ళ కిందట భర్త పోయాడు. అటు వైపు వాళ్ళతో అంతకు ముందు నుంచే మాటల్లేవు. ఇంట్లో ఉన్నది తనూ, ఆరో తరగతి చదివే కూతురూ, అంతే. ఆ కూతుర్ని ఎక్కడో దూరాన ఉన్న హాస్టల్ బడికి మార్చబోతున్నట్టు జిల్లా పాఠశాలల ఆఫీసు నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. "ఇంటి నుంచి సహకారం శూన్యం. ఆరుసార్లు పిలిచినా తల్లి రాలేదు" అని అందులో ఉంది. ఒక్కసారి కూడా తననెవరూ పిలవలేదని ఆమె మొత్తుకుంటోంది. ఎవరి మాట నిజమో తేల్చడానికి గురువారం పదకొండింటికి విచారణ పెట్టారు. పనిలో రెండు గంటలు సెలవడిగి, వేళ్ళకంటిన సబ్బు వాసనైనా పోకముందే పరిగెత్తుకొచ్చింది.

ఇక లోపలికి పంపిద్దాం.

గది మరీ చిన్నదేం కాదు గానీ ఆ పూట ఆమెకి ఇరుకుగానే తోచింది. పొడుగాటి బల్లకి అటువైపు నాలుగు కుర్చీలు, ఇటువైపు ఒక్కటే. ఆ ఒక్కటీ ఎవరికోసమో వేరే చెప్పక్కర్లేదు. అటు మధ్యలో జిల్లా ఆఫీసరు కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, అదెక్కడ పెట్టానా అని కాగితాల కింద వెతుక్కుంటున్నాడు. ఆయన పక్కన హెడ్మిస్ట్రెస్, మెడ నిటారుగా. ఇంకో పక్కన స్కూలు గుమాస్తా, గమ్ము సీసాతో సహా. పాతికేళ్ళ సర్వీసులో ఆ సీసా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. రిజిస్టరులో అక్షరం కొట్టెయ్యడం ఆయనకి గిట్టదు. ఏదైనా మార్చాల్సి వస్తే ఆ చోట తెల్లచీటీ అంటించి, పైన ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తాడు. చివరి కుర్చీలో గడప మేడం.

ఆవిడ ఉద్యోగం అసలు పేరు కుటుంబ సమన్వయకర్త. ఇళ్ళకీ బళ్ళకీ పొత్తు కుదర్చమని ఈ ఏడే జిల్లా వాళ్ళు వేశారు. మిగతావాళ్ళయితే ఫోన్లు చేసి ఊరుకుంటారు. ఈవిడ చెప్పులరిగేలా ఇల్లిల్లూ తిరుగుతుంది, అందుకని పిల్లలే ఆ పేరు పెట్టారు. ఆదివారం ఈ తల్లి ఇంటికి వచ్చి, "స్కూలు మెసేజ్‌లు మీకు వస్తున్నాయా?" అని అడిగి, "ఏం మెసేజ్‌లండీ?" అన్న జవాబు విని, గమ్మున లేచి వెళ్ళిపోయింది కూడా ఈవిడే.

తల్లి వచ్చి ఆ ఒంటి కుర్చీలో ముందంచున కూర్చుంది. వెంటనే గడప మేడం లేచి, తన కుర్చీ రెండు చేతులా ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇదేంటి మేడం?" అన్నాడు ఆఫీసరు.

"అటు గాలి ఆడట్లేదండీ" అంది ఆవిడ.

ఫ్యాను సరిగ్గా అటే ఉంది. తల్లి ముందంచు నుంచి కాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, రెండేళ్ళ కిందట నేనే ఒక పథకం పెట్టాను. 'ఇంటికో కబురు' అని. పిల్లల సంగతులు ఎప్పటికప్పుడు ఇంటికి మెసేజ్‌గా వెళ్తాయి. ఇంటివాళ్ళు జవాబివ్వాలి. నిజం చెప్పాలంటే సగం మంది చూడనే చూడరు. మీ ఇంటికి అరవై ఒక్క కబుర్లు పంపించాం. ఎన్నింటికి జవాబొచ్చిందో తెలుసా?"

"తెలీదండీ."

"అరవై ఒకటి! నూటికి నూరు! జిల్లా మొత్తం మీద అలాంటి ఇళ్ళు మూడే ఉన్నాయి. పై మీటింగులో మీ ఇంటి గురించి నేను గొప్పగా చెప్పుకున్నాను కూడా." చెప్తుంటే ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగి, మళ్ళీ తాను వచ్చిన పని గుర్తొచ్చి వాడిపోయింది. "మరి జవాబులు ఇంత చక్కగా ఇచ్చే మనిషి ఆరుసార్లు వస్తామని రాసి ఒక్కసారీ రాకపోతే నేనేమనుకోవాలి?"

"ఒక్కటీ నేను రాయలేదండీ" అంది తల్లి. "నా ఫోనుకి స్కూలు నుంచి ఒక్క ముక్కా రాలేదు. కబురు లేదంటే అంతా బాగానే ఉందనుకున్నాను."

అంతవరకూ పళ్ళబిగువున ఓర్చుకున్న హెడ్మిస్ట్రెస్ ఇక ఆగలేకపోయింది.

"మా చెవుల్లో పూలు పెట్టకండమ్మా! ఆరు సాయంత్రాలు మీకోసం అయిదున్నర దాకా ఇదే కుర్చీలో కూర్చున్నాను. మా అత్తగారికి ఇంజెక్షన్ వేళ దాటిపోతున్నా కూర్చున్నాను. పిల్ల పొద్దున్న అరగంట ఆలస్యంగా వస్తుంది, మొదటి పీరియడ్‌లో కునుకుతుంది, లెక్కల్లో వెనకబడింది. నేనేం మీమీద కేసు పెట్టడానికి పిలవలేదు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే ఏదో దారి దొరుకుతుందని పిలిచాను. మీరు రాకపోగా ఎగతాళి!"

"ఎగతాళా? నేనా?"

హెడ్మిస్ట్రెస్ ఫైలు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన నోట్‌బుక్ కాగితం తీసి బల్ల మీద పెట్టి తట్టింది. "ఇది మీ రాతేనా?"

తల్లి చూసింది. "నాదేనండీ."

"చదవండి."

ఆమె చదివింది. తను రాసిందే అయినా ఈ గదిలో పైకి చదవాలంటే నోరు తిరగలేదు. "'హెడ్మిస్ట్రెస్ మేడం గారికి నమస్కారం. అడక్కుండానే మా పాపకి మీరు చేస్తున్నదానికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం. మీ మేలు ఈ జన్మలో మరువలేను.'"

"విన్నారా సార్! అయిదోసారి పిలిచినా మీరు రాక, నేను విసిగిపోయి కూర్చున్న మర్నాడు వచ్చింది ఈ చీటీ. 'మీరు చేస్తున్నదానికి'ట! నేను ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు."

తల్లి తెల్లబోయింది. మనసులో ఉన్నది ఉన్నట్టు రాసిన ఆ నాలుగు మాటలూ ఇన్నాళ్ళూ ఈ ఫైల్లో నేరంలా పడి ఉన్నాయా? కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మడతపెట్టే చేతులు గనక ఊరుకోలేక ఆ కాగితాన్నే మళ్ళీ మడతలు పెట్టసాగింది.

గడప మేడం మెల్లిగా అడిగింది. "అమ్మా, ఈ చీటీ ఎందుకు రాశారు? ఏం మేలు చేశారని?"

"అదేంటండీ, అన్నీ స్కూలు వాళ్ళే ఇచ్చారుగా! మొదట జామెట్రీ బాక్సు. తర్వాత కాన్వాస్ బూట్లు. చలి మొదలవగానే స్వెట్టరు. 'ఎవరిచ్చారే?' అంటే 'స్కూల్లో ఇచ్చారమ్మా' అంది. నేను కొనాలి కొనాలి అనుకుంటుండగానే ఇంటికొచ్చేవి. నా మనసులో మాట వీళ్ళకెలా తెలిసిందా అనుకునేదాన్ని. అందుకే రాశాను. అందరికీ ఇస్తున్నారేమో అని కూడా అనుకున్నాను."



"స్వెట్టరు మేమిచ్చామా?" హెడ్మిస్ట్రెస్ గొంతు మారిపోయింది. "చేత్తో అల్లిన స్వెట్టర్లు స్కూలెక్కడిస్తుందమ్మా? అవన్నీ మీరే పంపించారుగా! 'పాప వాళ్ళింటి నుంచి ఒకావిడ వచ్చి ఇచ్చిపోయారు' అని గేటు దగ్గర వాచ్‌మన్ తెచ్చిచ్చేవాడు. గేటు దాకా వచ్చి, వస్తువిచ్చి, నా ముఖం కూడా చూడకుండా పోతున్నారేంటి, ఎంత పొగరు అని..." మధ్యలో ఆగిపోయింది.

"నేను రాలేదు మేడం. ఒక్కసారీ రాలేదు. నేనిచ్చి ఉంటే మీకు థాంక్స్ ఎందుకు చెప్తానండీ?"

ఆఫీసరు చేత్తో నుదురు రుద్దుకోబోయి, అక్కడ కళ్ళజోడు తగిలి, దాన్ని ముక్కు మీదకి లాక్కుని, కాగితాలు గబగబా తిప్పాడు.

"ఉండండుండండి. ముప్పై రెండో కబురు: 'మీ అమ్మాయి స్వెట్టర్ లేకుండా వస్తోంది, చలికి దగ్గుతోంది.' జవాబు: 'పదిరోజుల్లో పంపిస్తాం. అంతవరకు కిటికీ పక్కన కూర్చోబెట్టొద్దు.'" ఆయన తలెత్తాడు. "పదకొండో రోజున వచ్చిందా స్వెట్టరు?"

"వచ్చింది" అంది హెడ్మిస్ట్రెస్ నీరసంగా. "కిటికీ పక్క నుంచి మార్పించాను కూడా."

"పంతొమ్మిదో కబురు: 'జామెట్రీ బాక్సు తేలేదు.' జవాబు: 'రేపే.' నలభయ్యోది: 'మూడు రోజులుగా జ్వరమని రాలేదు.' జవాబు..." ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "జవాబు: 'ఇప్పుడెంత ఉంది? దయచేసి చెప్పండి.'"

"ఇంట్లో ఉన్న పిల్ల జ్వరం ఎంతుందని స్కూలుని ఎవరడుగుతారండీ?" అంది గడప మేడం. "ఇంట్లో లేనివాళ్ళు అడుగుతారు."

ఎంత తేలిక మాట! రెండేళ్ళుగా ఆ కాగితం అందరి ముందూ పడి ఉంది. జవాబులు లెక్కపెట్టారు గానీ చదివిన నాథుడు లేడు.

ఆఫీసరు ఆ కబుర్ల కాగితం పైన అచ్చయిన ఫోన్ నంబరు చదివాడు. తల్లి అడ్డంగా తలూపింది. అది తనది కాదు, తనెప్పుడూ ఎరగదు. తన నంబరు చెప్పింది, ఫోను తీసి బల్ల మీద పెట్టింది కూడా. అందరి చూపులూ ఒక్కసారి గుమాస్తా మీదకి తిరిగాయి. ఆయన గమ్ము సీసా మూత ఊరికే బిగిస్తున్నాడు.

"అడ్మిషన్ ఫారం తెండి" అన్నాడు ఆఫీసరు.

ఫారం వచ్చింది. మూలలు నలగకుండా, దుమ్ము లేకుండా, ఇస్త్రీ చేసినట్టుంది. మూడో తరగతిలో పాపని చేర్పించేటప్పుడు నింపింది. ఆ రాత తల్లి చూడగానే గుర్తుపట్టింది. కుడివైపుకి వాలిపోయే ఆ అక్షరాలు ఆయనవి. అప్పటికే జబ్బు ముదిరి మంచం దిగలేకపోయేవాడు. అట్ట మీద ఫారం పెట్టుకుని, "నువ్వు తర్వాత సంతకం పెడుదువు గానీ, నన్ను రాయనీ" అని దగ్గుకుంటూ పూర్తిచేశాడు. ఆమె చదవకుండానే కింద సంతకం పెట్టింది.

ఫోన్ నంబర్లకి రెండు గళ్ళున్నాయి. రెండో గడి మీద తెల్లచీటీ అంటించి ఉంది. దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తల్లి నంబరు. మొదటి గడిలో మాత్రం ఆయన చేత్తో రాసిన నంబరు అలాగే ఉంది.

"వారు పోయాక మీరొచ్చి, 'మా ఆయన నంబరు తీసేసి నాది వేయండి' అన్నారమ్మా" అన్నాడు గుమాస్తా. ఆయన గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. "రెండో గడిలో ఉన్నది వారి నంబరు. దాని మీద మీది అంటించాను. మీరు అన్నదే చేశాను. మొదటి గడి సంగతి మీరు చెప్పలేదు, నేను అడగలేదు."

"కంప్యూటర్‌కి ఎక్కించింది?" అన్నాడు ఆఫీసరు.

"మొదటి గడి ఒక్కటే ఎక్కించమన్నారు కదండీ. మీ సర్క్యులరే."

తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, అందులో పెద్ద పిడికిలి తనదే అని ఆఫీసరుకి అర్థమైంది. ఆ పెద్దమనిషిలో ఒక గుణం ఉంది, చెప్పుకోవాలి. అర్థమయ్యాక నానబెట్టలేదు. కలం తీసి, ఫైలు మొదటి పేజీ మీద 'సహకారం శూన్యం' అన్న చోట అడ్డంగా గీత కొట్టాడు. గుమాస్తా అలవాటుకొద్దీ గమ్ము సీసా ముందుకు జరిపాడు.

"వద్దు. కొట్టివేత కనబడాలి. తప్పు చేశామని తెలియాలి" అన్నాడు ఆఫీసరు. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, మీ పాప ఎక్కడికీ వెళ్ళదు. ఈ బళ్ళోనే చదువుతుంది. మాది పొరపాటు. మన్నించండి" అన్నాడు.

ఆమెకి ముందు వినబడినట్టు లేదు. "హాస్టల్‌కి పంపరా?" అంది.

"పంపం."

"రాసిస్తారా?"

"ఇప్పుడే రాసిస్తాను."

అప్పుడు ఏడ్చింది. వారం రోజులుగా లాండ్రీలో ఆవిరి మధ్య, ఇంట్లో కూతురు పడుకున్నాక, బస్సులో కిటికీ వైపు తిరిగి ఆపుకున్నదంతా అక్కడ కుమ్మరించేసింది. ఏడుస్తూనే నవ్వింది. గుండెల మీది బండ ఎవరో పక్కకి దొర్లించినట్టయింది. ఈ పూట ఇంటికెళ్ళి పిల్ల సంచీ సర్దనక్కర్లేదు. రేపు పొద్దున్నా, ఎల్లుండి పొద్దున్నా జడ తనే వేస్తుంది. అంతకన్నా ఆమెకి ఇంకేం అక్కర్లేదు.

హెడ్మిస్ట్రెస్ లేచి ఇటువైపు వచ్చింది. ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. "నన్ను తిట్టుకోకండమ్మా. నేను ఆ చీటీని తిట్టుగా చదువుకున్నాను. మళ్ళీ ఇస్తారా? ఈసారి సరిగ్గా చదువుకుంటాను."

"మీరేం ఇవ్వలేదుగా మేడం" అంది తల్లి ముక్కు తుడుచుకుంటూ, అమాయకంగా.

అందరూ గొల్లుమన్నారు. హెడ్మిస్ట్రెస్ కూడా. తర్వాత పది నిమిషాల్లో, ఆరు పిలుపుల్లో జరగాల్సిన పని జరిగిపోయింది. తల్లి తెల్లారి అయిదున్నరకే డ్యూటీకి వెళ్ళిపోతుందని, పిల్ల తనంతట తను లేచి తయారై తాళం వేసుకుని వస్తుందని, అందుకే ఆలస్యమని, అందుకే కునికిపాట్లని హెడ్మిస్ట్రెస్‌కి ఇప్పుడు తెలిసింది. సాయంత్రాలు తను ఇంట్లోనే ఉంటానని, నడిస్తే పది నిమిషాలేనని తల్లి చెప్పింది. "పది నిమిషాలు! నేనిక్కడ, మీరక్కడ!" అని హెడ్మిస్ట్రెస్ తల పట్టుకుంది. పొద్దున్న ఏడింటికే లైబ్రరీ తెరుస్తారు గనక పిల్ల అక్కడికొచ్చి కూర్చోవచ్చని, లెక్కల టీచరు అప్పటికే వస్తుందని తేలింది. గడప మేడం మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, తృప్తిగా చూస్తూ కూర్చుంది.

ఆఫీసరే మళ్ళీ మొదలుపెట్టాడు. "అంతా బాగానే ఉంది గానీ, ఒక పిల్ల సంగతులన్నీ రెండేళ్ళుగా ఎవరికో చేరుతున్నాయి. ఆ ఎవరో గేటు దాకా వస్తున్నారు. మంచివాళ్ళే కావచ్చు. అయినా తెలుసుకోకుండా వదిలెయ్యడం నావల్ల కాదు. ఫోన్ చేస్తాను. అభ్యంతరమా?"

తల్లి వద్దనలేదు. ఆమెకీ తెలుసుకోవాలనే ఉంది. ఆయన ఎందుకు రాశాడు ఆ నంబరు? తన దగ్గర ఏం దాచాడు?

ఫోను బల్ల మధ్య పెట్టి స్పీకర్ నొక్కాడు ఆఫీసరు. ఒక్క రింగు. రెండోది మోగకముందే ఎత్తారు.

"ఆఁ, చెప్పండి! మిడతకేమైనా అయిందా?"

తల్లి చేతిలో గ్లాసు ఒలికింది.

మిడత! ఒక్క చోట నిలవదని పిల్లకి వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఇంటి గోడలు దాటి ఆ పేరు ఎవరికీ తెలియదు. కానీ ఆమెని కదిలించింది పేరొక్కటే కాదు, ఆ గొంతు. పదమూడేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని గుమ్మంలోకి వెళ్తే, "నీ ముఖం నాకు చూపించకు" అన్న గొంతు. మూడేళ్ళ కిందట కొడుకు పోయిన రోజున వచ్చి, ఓ మూల నిలబడి, కోడలితో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయిన మనిషి గొంతు. పాప స్వెట్టరు మణికట్టు దగ్గర రెండు మడతలు వేసి అల్లి ఉండటం చూసి, అప్పట్లోనే ఎక్కడో చూశానే అనుకుంది. ఎక్కడో ఏమిటి, ఈవిడ అల్లిన ఆయన పాత స్వెట్టరు ఇంట్లో పెట్టెలోనే ఉంది.

"అత్తయ్యా" అంది.

ఆఫీసరు ఫోను వైపు చూశాడు, కట్ అయిందేమోనని. కాలేదు. వీధిలో బండ్ల చప్పుడు వినిపిస్తోంది.

"వాడే ఇచ్చాడు నా నంబరు" అంది చివరికి ఆ గొంతు. "పోయే ముందు ఫోన్ చేసి చెప్పాడు. 'అమ్మా, మీరిద్దరూ మాట్లాడుకోరు. కనీసం బడి వాళ్ళైనా నీకు చెప్తూ ఉంటారు' అన్నాడు. ఏడాది పాటు ఏమీ రాలేదు. మర్చిపోయాడేమో అనుకున్నాను. తర్వాత ఒకరోజు టక్కుమని మోగింది. 'మీ అమ్మాయి ఇవాళ పద్యం అప్పజెప్పింది' అని. ఆ పూట పదిసార్లు చదువుకున్నాను."

తల్లికి జాలి వేసింది. దాని వెనకాలే కోపమూ వచ్చింది. వచ్చిన కోపాన్ని దాచుకోలేదు.

"మీరు వస్తామని రాశారు అత్తయ్యా. ఆరుసార్లు. ఇవాళ వీళ్ళు నా పిల్లని నా దగ్గర్నించి తీసేయబోయారు, తెలుసా? నంబరు నాది కాదని ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"చెప్తే కబుర్లు ఆగిపోవూ!"

ఎదురుచూడని వేగంతో వచ్చిందా మాట. హెడ్మిస్ట్రెస్ తల దించుకుంది.

"ఇంతదూరం వస్తుందనుకోలేదమ్మాయీ" అంది ఆవిడ మెత్తబడి. "తప్పే. కానీ వస్తానని రాసి రాకుండా లేను. ఆరుసార్లూ వచ్చాను. రెండు బస్సులు మారి వచ్చాను. గేటు దాకా."

"మరి లోపలికి రావాల్సింది!" అన్నాడు ఆఫీసరు ఉండబట్టలేక.

"రిజిస్టరులో రాస్తేగానీ వదలడండీ మీ వాచ్‌మన్. వస్తువైతే తీసుకుంటాడు. మనిషి లోపలికెళ్ళాలంటే పేరు, పిల్లకి ఏమవుతారు, అన్నీ రాయాలంటాడు. ఏమవుతానని రాయను? ఆ మాట రాసుకునే హక్కు నేనే పోగొట్టుకున్నాను." మళ్ళీ తనే, "నిన్న కూడా కబురొచ్చింది, ఇవాళ విచారణ అని. భయమేసింది. ఈసారి నిజం చెప్పేద్దామనే వచ్చాను. గంట నుంచి గేటు దగ్గరే ఉన్నాను" అంది.

అరవై ఒకటో కబురు. జవాబు: 'తప్పక వస్తాం.'

అంతలో బల్ల మీద ఇంటర్‌కమ్ గణగణలాడింది. గుమాస్తా ఎత్తి, విని, చేత్తో మూసి అన్నాడు. "వాచ్‌మన్. ఒకావిడ లోపలికి రావాలంటోందట. ఏ అమ్మాయి కోసమో చెప్పింది గానీ, ఏమవుతారంటే చెప్పట్లేదట. ఆ గడిలో ఏం రాసుకోమంటారని అడుగుతున్నాడు."

ఆఫీసరు హెడ్మిస్ట్రెస్ వైపు చూశాడు. హెడ్మిస్ట్రెస్ గడప మేడం వైపు చూసింది. గడప మేడం ఎవరి వైపూ చూడలేదు. చివరికి అందరూ చూడాల్సిన మనిషినే చూశారు.

తల్లి లేచింది. పదమూడేళ్ళు ఒక లెక్క, ఆరు సాయంత్రాలు ఒక లెక్క. ఏది ఎక్కువో తూచడానికి ఆమె కూర్చోలేదు. పిల్ల తనకి దక్కిన రోజు ఇది. ఇవాళ ఇంకొకరిని గేటు బయట నిలబెట్టడానికి మనసొప్పలేదు. ఇంటర్‌కమ్ తీసుకుంది.

"నాయనమ్మ అని రాసుకోండి. రాసుకుని కుర్చీ వేసి కూర్చోబెట్టండి. నేనే వస్తున్నాను."

బల్ల మీది స్పీకర్లోంచి చిన్న ఏడుపు వినబడింది. ఆఫీసరు మర్యాదగా ఫోను ఆపేశాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని తలుపు దాకా వెళ్ళింది. అప్పుడే పన్నెండు గంటల బెల్లు కొట్టారు. కిటికీ అవతల ఆవరణంతా ఒక్కసారి పిల్లలతో నిండిపోయింది. వాళ్ళ మధ్యలోంచి ఒక స్వెట్టరు, మణికట్టు దగ్గర రెండు మడతలున్న స్వెట్టరు, పరుగు పరుగున గేటు వైపు దూసుకుపోయింది.

తల్లి ఆగి చూసింది. వాచ్‌మన్ వేసిన కుర్చీలో అప్పుడే కూర్చోబోతున్న ముసలావిడ చెయ్యి పట్టుకుని, సంచీలో ఏముందో తొంగిచూస్తూ, మిడత గడగడా ఏదో చెప్తోంది. కొత్త మనిషితో ఏ పిల్లా అలా మాట్లాడదు. ఆ సంచీలో ఏ అరలో ఏముంటుందో కూడా దానికి తెలుసు.

'స్కూల్లో ఇచ్చారమ్మా' అంది కదూ, ఆ మూడుసార్లూ!

తలుపు గొళ్ళెం మీద తల్లి చెయ్యి అలాగే ఉండిపోయింది.